శిక్ష నిర్ణయంలో బాల్య గాయాలు, మానసిక రుగ్మతలు – న్యాయస్థానాలు పాటిస్తున్న ప్రమాణాలు

(ప్రత్యేక వ్యాసం)

నేరం రుజువైన మరుక్షణం న్యాయస్థానం ఎదుట ఉన్న ప్రశ్న మారిపోతుంది. అంతవరకు ఆ కార్యం ముద్దాయి చేసినాడా, లేదా అన్నదే విచారణాంశం. అటుపిమ్మట చేసినవాడు ఎటువంటివాడు, ఏ పరిస్థితులలో పెరిగినాడు, ఏ మనఃస్థితిలో నేరానికి పాల్పడినాడు, ఇకముందు మారగలడా అన్నవి విచారణాంశాలవుతాయి. మొదటి ప్రశ్నకు సాక్ష్యాధారాల చట్టం సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం దోషి జీవిత చరిత్రలో వెదకవలసి ఉంటుంది. మరణశిక్ష విధించదగిన కేసులలో ఒక మనిషి ప్రాణం ఈ రెండవ ప్రశ్నపైనే ఆధారపడి ఉంటుంది.

బాల్యంలో అనుభవించిన హింస, నిరాదరణ, అలాగే మానసిక రుగ్మత శిక్ష పరిమాణాన్ని ఎంతవరకు ప్రభావితం చేయవచ్చునన్న విషయంపై గత ఐదు దశాబ్దాలలో భారత సర్వోన్నత న్యాయస్థానం క్రమక్రమంగా స్పష్టత తెచ్చింది. అయినప్పటికీ ప్రజలలోనే గాక, కొన్ని సందర్భాలలో పత్రికా వార్తలలో సైతం దీనిపై అపోహలు కనిపిస్తున్నాయి. దోషికి మానసిక వ్యాధి ఉన్నదని న్యాయవాది చెప్పగానే "శిక్ష తప్పించుకొనే ఎత్తుగడ" అని భావించడం అందులో ముఖ్యమైనది. వాస్తవానికి శిక్ష తప్పించడం వేరు, శిక్ష స్వరూపాన్ని నిర్ణయించడం వేరు.

నాలుగు దశలు – నాలుగు ప్రశ్నలు

క్రిమినల్ కేసులో మానసిక స్థితి ప్రస్తావన నాలుగు వేర్వేరు దశలలో వస్తుంది. ఒక్కొక్క దశలో చట్టం అడిగే ప్రశ్న వేరు, ఫలితం కూడా వేరు.

మొదటిది విచారణ దశ. ముద్దాయి తనపై జరుగుతున్న విచారణను అర్థం చేసుకొని, తన వాదన వినిపించుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది ఇక్కడి ప్రశ్న. లేడని తేలినచో విచారణ వాయిదా పడుతుంది, చికిత్సకు ఏర్పాటు జరుగుతుంది. అంతమాత్రాన కేసు కొట్టివేయబడదు.

రెండవది నేర బాధ్యత దశ. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేని కారణంగా తాను చేస్తున్న కార్యం స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధమన్న విషయాన్ని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తి చేసిన పని నేరం కాదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 2023లో ఇదే సూత్రం 22వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. 1843లో ఇంగ్లండ్ ప్రభువుల సభ న్యాయమూర్తులు మెక్‌నాటన్ కేసు సందర్భంగా చెప్పిన నియమాలు దీనికి మూలం. ఈ ద్వారం చాలా ఇరుకైనది. వైద్యశాస్త్రం దృష్టిలో రోగి అయినంత మాత్రాన చట్టం దృష్టిలో మతిస్థిమితం లేనివాడు కాడని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టం చేసింది. పరిశీలించవలసినది నేరం జరిగిన సమయంలోని మనఃస్థితిని మాత్రమే.

మూడవది శిక్ష నిర్ణయ దశ. 84వ సెక్షన్ రక్షణకు సరిపోని మానసిక రుగ్మత, బాల్యంలోని దుర్భర అనుభవాలు విలువ సంతరించుకొనేది ఇక్కడే. ఇక్కడ దోషి నిర్దోషి కాడు. అతని నైతిక బాధ్యత ఏ మేరకు అన్నదే ప్రశ్న.

నాలుగవది శిక్ష ఖరారైన తరువాతి దశ. జైలులో ఏళ్ల తరబడి గడిపిన అనంతరం మానసిక వ్యాధి ముదిరినచో మరణశిక్షను అమలు చేయవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ ఉత్పన్నమవుతుంది.

ఈ నాలుగింటిని కలగాపులగం చేయడం వల్లనే అపోహలు తలెత్తుతున్నాయి.

చట్టంలో వచ్చిన మార్పులు

1898 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి ప్రకారం, మరణశిక్ష విధించదగిన నేరానికి అంతకన్న తక్కువ శిక్ష విధించినచో న్యాయమూర్తి కారణాలు చూపవలసి ఉండేది. అనగా మరణశిక్షయే సాధారణ నియమం. 1955 సవరణతో ఆ నిబంధన తొలగింది. 1973 స్మృతి పరిస్థితిని పూర్తిగా తిరగవేసింది. 354(3) సెక్షన్ ప్రకారం మరణశిక్ష విధించాలంటే ప్రత్యేక కారణాలు నమోదు చేయాలి. 235(2) సెక్షన్ ప్రకారం దోషిగా నిర్ధారించిన తరువాత శిక్ష విషయమై ముద్దాయి వాదనను ప్రత్యేకంగా వినాలి. ప్రస్తుతం అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లో ఈ నిబంధనలు వరుసగా 393(3), 258(2) సెక్షన్లలో ఉన్నాయి.

శిక్షపై వాదన వినడమంటే రెండు మాటలు అడిగి ఊరకుండడం కాదని 1976లో సంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తెలియజేసింది. దోషి కుటుంబ నేపథ్యం, విద్య, గృహ పరిస్థితులు, మానసిక స్థితి వంటి అంశాలపై ఆధారాలు సమర్పించే అవకాశం ఇవ్వడం కూడా అందులో భాగమేనని పేర్కొన్నది.

ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన కేసు

ఈ చరిత్రలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక స్థానం ఉన్నది. 1974లో ఈడిగ అనమ్మ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెలువరించిన తీర్పు నేటికీ న్యాయ కళాశాలలలో పాఠ్యాంశం. హత్యానేరం రుజువైన ఒక యువతికి సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువపరచింది. సుప్రీంకోర్టు నేర నిర్ధారణను మార్చలేదు. శిక్షను మాత్రం యావజ్జీవ కారాగారంగా తగ్గించింది. ఆమె వయస్సు, అత్తవారింటి నుండి గెంటివేతకు గురైన వైనం, ఒక బిడ్డకు తల్లి కావడం, ఉరి భయంతో గడిపిన కాలం మొదలైనవాటిని పరిగణనలోకి తీసుకొన్నది.

ఆ తీర్పులోని ఒక సూత్రం నేటి చర్చకు కేంద్రబిందువు. దోషిని పీడించిన సామాజిక, ఆర్థిక, మానసిక ఒత్తిళ్ళు చట్టపరమైన మినహాయింపునకు చాలకపోవచ్చు, నేరాన్ని చిన్న నేరంగా మార్చడానికీ చాలకపోవచ్చు. అయినా మరణశిక్షను తగ్గించడానికి అవి ప్రాతిపదిక కావచ్చునన్నదే ఆ సూత్రం. 84వ సెక్షన్ ద్వారం మూసుకొనిపోయినచోట శిక్ష నిర్ణయమనే మరొక ద్వారం తెరచి ఉంటుందన్న మాట.

1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 4–1 ఆధిక్యతతో మరణశిక్ష రాజ్యాంగబద్ధతను సమర్థించింది. అదే సమయంలో దానిని అరుదైన కేసులలోకెల్లా అరుదైన వాటికి పరిమితం చేసింది. నేరంతోబాటు నేరస్థుని కూడా చూడాలని నిర్దేశించింది. తీవ్రమైన మానసిక లేదా భావోద్వేగ క్షోభలో నేరం జరగడం, మానసిక లోపం వల్ల తన చర్యలోని నేర స్వభావాన్ని గ్రహించే శక్తి తగ్గిపోవడం, దోషి వయస్సు, సంస్కరణకు గల అవకాశం వంటివి శిక్ష తగ్గింపునకు దోహదపడే పరిస్థితులుగా ఈ తీర్పులో చోటు చేసుకొన్నాయి. దోషి మారడని నిరూపించవలసిన బాధ్యత ప్రభుత్వంపై ఉంటుందన్న భావన కూడా ఇక్కడి నుండి బలపడింది.

బాల్యాన్ని ఎందుకు పరిశీలించాలి

బాల్యంలో పడిన దెబ్బలు పెద్దయ్యాక చేసిన నేరానికి సాకు కాగలవా అన్న సందేహం సహజం. సాకు కాజాలవు. పసితనంలో హింసకు గురైనవారిలో అత్యధికులు ఎన్నడూ నేరం వైపు పోరు. మానసిక వ్యాధిగ్రస్తులలోనూ అత్యధికులు ఎవరికీ హాని తలపెట్టరు. అందుచేత బాల్య గాయం నేరానికి కారణమని ఏ న్యాయస్థానమూ యాంత్రికంగా భావించదు.

ఐతే ఆ గాయం మనిషి ఎదుగుదలను ప్రభావితం చేస్తుందన్నది శాస్త్రీయంగా నిర్ధారితమైన విషయం. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం, కైజర్ పర్మనెంటే సంస్థ కలసి నిర్వహించిన ప్రతికూల బాల్య అనుభవాల అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడినాయి. రెండు విడతలలో 17 వేల మందికి పైగా పాల్గొన్న ఈ అధ్యయనం శారీరక, మానసిక, లైంగిక హింస, తల్లిపై దాడులను చూస్తూ పెరగడం, ఇంట్లో మద్యపానం, మానసిక రుగ్మత, జైలు పాలైనవారు ఉండడం వంటి అనుభవాలను లెక్కించింది. అట్టి అనుభవాల సంఖ్య పెరిగినకొద్దీ పెద్ద వయస్సులో వ్యసనాలు, కుంగుబాటు, ఆత్మహత్యా యత్నాలు సహా అనేక అనర్థాల ముప్పు పెరుగుతున్నట్లు వెల్లడించింది. భయంతో పెరిగిన పిల్లవాడు పెద్దయిన తరువాత ప్రమాదం లేనిచోట ప్రమాదాన్ని ఊహించవచ్చు, కోపాన్ని అదుపు చేసుకొనే శక్తిని సరిగా పెంపొందించుకోలేకపోవచ్చు. శిక్ష నిర్ణయంలో ఈ సమాచారం రెండు విధాల ఉపయోగపడుతుంది. నైతిక బాధ్యత పరిమాణాన్ని అంచనా వేయడానికి మొదటిది. చికిత్స, విద్య, ఆదరణ లభించినచో మార్పు సాధ్యమా అని తెలుసుకోవడానికి రెండవది.

అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఎడింగ్స్ కేసులో ఈ అంశాన్ని పరిశీలించింది. నేరం నాటికి 16 సంవత్సరాల వయస్సు గల ముద్దాయి తండ్రి చేతిలో అనుభవించిన హింసను పరిగణనలోకి తీసుకొనే అధికారం తనకు లేదని క్రింది కోర్టు భావించింది. ఆ వైఖరి చెల్లదని తీర్పు వెలువడింది. 2003లో విగ్గిన్స్ కేసులో దోషి బాల్యంపై న్యాయవాది తగిన పరిశోధన చేయకపోవడమే శిక్ష రద్దుకు కారణమైనది. బాల్యంలోని తీవ్ర నిరాదరణ ప్రభావం కాలంతోబాటు తరిగిపోదని 2013లో బగ్మీ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు పేర్కొన్నది. ఇంగ్లండ్, వేల్స్‌లలో మానసిక రుగ్మతలు గలవారికి శిక్ష విధింపుపై ప్రత్యేక మార్గదర్శకాలు 2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చాయి.

మనోజ్ కేసు మార్గదర్శకాలు

భారతదేశంలో చిరకాలంగా ఉన్న లోపం సూత్రాలలో కాక ఆచరణలో ఉన్నది. నేరనిర్ధారణ జరిగిన రోజుననే శిక్షపై వాదనలు ముగియడం పరిపాటి. ముద్దాయి పేదవాడు, వృద్ధులైన తల్లిదండ్రులు, చిన్న పిల్లలు ఉన్నారు, దయ చూపవలసిందన్న నాలుగు వాక్యాలతో విచారణ పూర్తయ్యేది. అతడు ఏ ఇంట పెరిగినదీ, బడికి ఎందుకు దూరమైనదీ, ఎన్నడైనా మానసిక చికిత్స పొందినదీ రికార్డులోకి వచ్చేది కాదు. ఆరోపణ రుజువు చేయడానికి దర్యాప్తు యంత్రాంగమంతా పనిచేస్తుండగా, దోషి జీవిత వివరాల సేకరణకు బాధ్యులెవరూ ఉండేవారు కారు.

2022 మే 20న మనోజ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోటును పూరించడానికి పూనుకొన్నది. 2011లో ఇందోర్‌లో ముగ్గురు మహిళలను హత్య చేసిన కేసు అది. జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ బేలా ఎం. త్రివేదిలతో కూడిన ధర్మాసనం మరణశిక్షను కనీసం 25 సంవత్సరాల యావజ్జీవ కారాగారంగా మార్చుతూ, మరణశిక్షకు అవకాశమున్న కేసులలో పాటించవలసిన విధానాన్ని నిర్దేశించింది. అందులోని ముఖ్యాంశాలు:

1. ముద్దాయి మానసిక, మనోవైజ్ఞానిక పరీక్షా నివేదికను ప్రభుత్వమే, వీలైనంతవరకు ముందుగానే సేకరించి, సెషన్స్ కోర్టుకు సమర్పించాలి. నేర సమయానికి దగ్గరలో జరిపిన పరీక్ష అప్పటి మనఃస్థితిని తెలియజేస్తుంది.

2. ముద్దాయి వయస్సు, తొలినాటి కుటుంబ నేపథ్యం, తోబుట్టువులు, తల్లిదండ్రుల సంరక్షణ, హింస లేదా నిర్లక్ష్యానికి గురైన చరిత్ర, విద్య, పేదరికం, ఉపాధి, గత నేరచరిత్ర, మానసిక అస్వస్థత, సమాజం నుండి వెలివేతకు గురికావడం మొదలైన వివరాలను నిర్ణీత గడువులో ప్రభుత్వం అందజేయాలి.

3. ఈ సమాచారాన్ని ఖండించడానికి, తన తరపున ఆధారాలు చూపడానికి ముద్దాయికి అవకాశం ఇవ్వాలి.

4. జైలులో దోషి ప్రవర్తన, చేసిన పని, నేర్చుకొన్న విద్య వంటి విషయాలపై జైలు అధికారుల నుండి నివేదిక తెప్పించుకోవాలి. సంస్కరణ అవకాశాన్ని అంచనా వేయడానికి తాజా మానసిక పరీక్ష కూడా జరిపించాలి.

బాల్యంలో హింస, నిర్లక్ష్యం అన్న అంశం న్యాయస్థానం పరిశీలించవలసిన వివరాల జాబితాలో ఇంత స్పష్టంగా చేరడం విశేషం. అదే సంవత్సరం సెప్టెంబరు 19న, శిక్షపై అర్థవంతమైన విచారణ ఎట్లుండాలన్న విషయాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. మనోజ్ మార్గదర్శకాలను పాటించని మరణశిక్ష కేసులలో, తీర్పు అంతిమమైన తరువాత కూడా, రాజ్యాంగంలోని 32వ అధికరణం క్రింద శిక్ష విషయాన్ని తిరిగి పరిశీలింపవచ్చునని 2025 ఆగస్టులో మరొక ధర్మాసనం పేర్కొన్నది.

ఉరికంబం నీడలో వ్యాధి

శిక్ష ఖరారైన తరువాత వచ్చే మానసిక వ్యాధి విషయంలో 2014 జనవరి 21న వెలువడిన శత్రుఘ్న చౌహాన్ తీర్పు కీలకమైనది. క్షమాభిక్ష అర్జీల పరిష్కారంలో అనుచిత జాప్యం, మానసిక వ్యాధి మొదలైన కారణాలపై 15 మంది మరణశిక్షలను యావజ్జీవంగా మార్చిన ఈ తీర్పు, మరణశిక్ష పడిన ఖైదీల మానసిక ఆరోగ్యాన్ని క్రమం తప్పక పరీక్షించాలని ఆదేశించింది.

2019 ఏప్రిల్ 12న వెలువడిన "అక్యూజ్డ్ ఎక్స్" తీర్పు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ధర్మాసనానికి నాయకత్వం వహించి తీర్పు రచించినది తదనంతర కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ. మహారాష్ట్రలో ఇద్దరు మైనర్ బాలికలపై జరిగిన ఘోర నేరానికి మరణశిక్ష పడిన ఖైదీ, సుమారు 17 సంవత్సరాలు ఆ శిక్ష నీడలో గడిపిన అనంతరం తన మానసిక వ్యాధిని న్యాయస్థానం దృష్టికి తెచ్చినాడు. నేరం దారుణమైనదన్న విషయంలో న్యాయస్థానానికి సందేహం లేదు. ఐతే తనకు ఈ శిక్ష ఎందుకు పడిందో, దాని పర్యవసానం ఏమిటో గ్రహించలేని వ్యక్తిని ఉరితీయడం వల్ల శిక్ష ప్రయోజనం నెరవేరదని, గౌరవంగా జీవించే హక్కు ఖైదీకి సైతం ఉంటుందని వివరించింది.

అదే సమయంలో దొంగ రోగాలకు తావివ్వకుండా జాగ్రత్తలు కూడా పొందుపరచింది. వ్యాధి వైద్యశాస్త్రం ప్రకారం అత్యంత తీవ్రమైనదై ఉండాలి. స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర రుగ్మతలు సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. రుజువు చేయవలసిన భారం ఖైదీపైనే ఉంటుంది. ప్రభుత్వం ఆ వాదనను ఖండించవచ్చు. అవసరమైనచోట నిపుణుల బృందాన్ని నియమించవచ్చు. ఈ కేసులో ఖైదీ విడుదల కాలేదు. జీవితాంతం, శిక్ష తగ్గింపు లేకుండా, కారాగారంలో ఉండాలని తీర్పు నిర్దేశించింది. అతనికి తగిన వైద్యం అందించే విషయాన్ని పరిశీలించవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది. వ్యాధిగ్రస్తుని గోప్యతను కాపాడడానికి తీర్పులో అతని పేరుకు బదులు "ఎక్స్" అన్న అక్షరం వాడడం పాత్రికేయులు గమనింపదగిన విషయం.

ఈ సమస్య ఒకరిద్దరికి పరిమితం కాదని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ 39ఏ 2021లో ప్రచురించిన అధ్యయనం సూచిస్తున్నది. ఐదు రాష్ట్రాలలో పరిశీలించిన 88 మంది మరణశిక్ష ఖైదీలలో 62.2 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు అందులో నమోదైనది.

పిల్లలు, యువకులు

18 సంవత్సరాలు నిండనివారికి మరణశిక్ష గాని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్ష గాని విధించరాదని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 శాసిస్తున్నది. 16 నుండి 18 సంవత్సరాల మధ్య వయస్కులపై ఘోర నేరారోపణ వచ్చినప్పుడు, వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా మదింపు చేయాలి. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం లేదా మానసిక వైద్యంలో పట్టా గల సభ్యులు లేనిచో నిపుణుల సహాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022 జూలైలో సుప్రీంకోర్టు తెలిపింది. 21 సంవత్సరాల లోపు వయస్సు గల దోషుల విషయంలో, నేరస్థుల పరివీక్షణ చట్టం, 1958 పరిధిలోకి వచ్చే నేరాలకు, జైలు శిక్ష విధించే ముందు ప్రొబేషన్ అధికారి నివేదికను న్యాయస్థానం తెప్పించుకోవాలి. దోషి ఇంటి పరిస్థితులను న్యాయస్థానం ముందుంచే ఈ నివేదిక ఆరు దశాబ్దాలకు పూర్వమే చట్టంలో చోటు చేసుకొన్నదని గమనించాలి.

బాధితుల మాటేమిటి

దోషి గతాన్ని ఇంతగా తరచి చూస్తే బాధిత కుటుంబం గోడు మరుగున పడదా అన్న ప్రశ్న సమంజసమైనదే. శిక్ష తగ్గింపునకు దోహదపడే పరిస్థితులను చూచే న్యాయస్థానం నేర తీవ్రతను పెంచే పరిస్థితులను కూడా తూకం వేస్తుంది. బాధితులకు నష్టపరిహారం, నిర్దోషిత్వ తీర్పుపై అప్పీలు చేసుకొనే హక్కు 2008 సవరణతో చట్టంలో చేరి, కొత్త సంహితలోనూ కొనసాగుతున్నాయి. అంతేగాక, దోషి వివరాలు విచారణ దశలోనే పూర్తిగా రికార్డు అయినచో బాధితులకూ మేలు. ఆ వివరాలు పదిహేనేళ్ల తరువాత పునఃసమీక్షలో బయటపడి, ముగిసిందనుకొన్న కేసు మళ్ళీ తెరపైకి రావడం ఆ కుటుంబాలకు రెండవసారి కలిగే వేదన.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

2018 మే 29 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 103వ సెక్షన్ జైళ్ల శాఖపై స్పష్టమైన బాధ్యతలు ఉంచింది. జైలులో మానసిక వ్యాధిగ్రస్తులెవరూ లేరని ధ్రువపరచే నివేదికను జైలు వైద్యాధికారి ప్రతి మూడు నెలలకు సంబంధిత బోర్డుకు పంపాలి. రాష్ట్రంలో కనీసం ఒక కారాగారంలోని వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఏర్పాటు చేయాలి. జైలు ఆసుపత్రి చీటీలు, మందుల నమోదు పుస్తకాలు కాలక్రమంలో న్యాయస్థానం ముందు సాక్ష్యాలవుతాయి గనుక వాటిని భద్రపరచడం అవసరం. పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, ప్రొబేషన్ అధికారులు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు నియమించిన న్యాయవాదులు ఈ సమాచారాన్ని విచారణ ఆరంభంలోనే సేకరించడం శ్రేయస్కరం. పాఠశాల రిజిస్టర్లు, ఆసుపత్రి రికార్డులు, ఇరుగుపొరుగువారి వాంగ్మూలాలు కాలం గడిచేకొద్దీ లభించడం దుర్లభం.

పాత్రికేయుల విషయానికి వస్తే, చికిత్స పొందుతున్న మానసిక వ్యాధిగ్రస్తుని ఫోటో లేదా వివరాలను అతని సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు విడుదల చేయరాదని ఇదే చట్టంలోని 24వ సెక్షన్ చెబుతున్నది. చట్టంతో వివాదంలో ఉన్న బాలల గుర్తింపును వెల్లడించడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. నేర వార్తలలో "సైకో", "ఉన్మాది" వంటి పదాలు వాడడం వల్ల వైద్యులు నిర్ధారించని వ్యాధిని వార్త ద్వారా అంటగట్టినట్లవుతుంది. అదే వ్యాధితో బాధపడుతూ నిశ్శబ్దంగా చికిత్స పొందుతున్న వేలాది మంది, వారి కుటుంబాలు ఆ పదాల వల్ల మరింత వెనుకకు జంకుతారు. శిక్ష తగ్గింపు వార్త వ్రాసేటప్పుడు, దోషి నిర్దోషిగా విడుదలైనాడా, లేక మరణశిక్ష యావజ్జీవంగా మారినదా అన్న వ్యత్యాసాన్ని శీర్షికలోనే స్పష్టం చేయడం పాఠకులకు మేలు.

శిక్ష విధింపులో ఏకరూపత కొరకు మార్గదర్శకాలు రూపొందించాలని 2003లో జస్టిస్ మళిమత్ కమిటీ సిఫారసు చేసింది. మరణశిక్షకు అవకాశం లేని సాధారణ కేసులలో దోషి బాల్యం, మానసిక స్థితి పరిశీలన ఇప్పటికీ ఎక్కువగా న్యాయమూర్తి విచక్షణపైననే ఆధారపడి ఉన్నది. మనోజ్ తీర్పు చూపిన పద్ధతిని సంబంధిత శాఖలు చిత్తశుద్ధితో పాటించినచో, న్యాయమూర్తి ముందుకు నేరం కథతోబాటు మనిషి కథ కూడా సకాలంలో చేరుతుంది. ఆ సమాచారం విన్న తరువాత విధించే శిక్ష కఠినమైనదైనా, ఉదారమైనదైనా, తెలిసి విధించిన శిక్ష అవుతుంది.